మిగిలిన అయిదు మాత్రలు

బైండింగు గది
సోమవారం పొద్దున

వదినా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది. పై గది కిటికీలో కూర్చుని, కింద నా దగ్గరికి పుస్తకాలు కుట్టించుకోవడానికి ఎవరొచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో కనిపెడుతూ కాలక్షేపం చేస్తోంది.

ఫోను చెయ్యకుండా ఈ కాగితం ఖర్చేమిటి అంటావా? మా అన్నయ్య పుణ్యం. నీకు ఫోను చేస్తే ముందు తనెత్తుతాడు. చెవులు సరిగ్గా వినపడవని స్పీకరు పెడతాడు. మొన్న నా మోకాలి నొప్పి సంగతి నీకు చెబితే, మర్నాడు మీ ఎదురింటావిడ నాకు ఫోను చేసి తైలం పేరు చెప్పింది. అందుకని దీన్ని ఇంటికి కాకుండా మీ ఆసుపత్రి ల్యాబుకే పంపుతున్నాను.

విషయం చిన్నదే. నా దగ్గర రిజిస్టర్లు కుట్టించుకునే ఒకాయన ఉన్నాడు. పెద్దమనిషి. ఆయనకు ఒంటికి వెళ్ళినప్పుడు మంటట. కొంచెం చీములాంటిది కూడా కనిపిస్తోందట. రోజంతా ఇంజను పక్కన కూర్చోవడం వల్ల వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగుతున్నాడు. ఆరు నెలల కిందట కూడా ఇలాగే వస్తే మందుల షాపులో చెప్పి పది మాత్రలు తెచ్చుకున్నాడట. అయిదు వేసుకునేసరికి తగ్గింది. మిగిలిన అయిదూ జాగ్రత్తగా దాచిపెట్టాడు. ఇప్పుడు అవి వేసుకుంటే సరిపోతుందా, కొత్తవి తెచ్చుకోవాలా? నువ్వు ముప్పై ఏళ్ళుగా క్రిములతోనే కాపరం చేస్తున్నావు గనక నీకు తెలుస్తుందని అడుగుతున్నాను.

ఆయన అడగమన్నాడు కాబట్టి అడిగాను. ఇందులో నాకేం సంబంధం లేదు.

నీ ఆడపడుచు


ల్యాబు బయటి గది
గురువారం, భోజనాల వేళ

ఏ సంబంధమూ లేని మరదలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వైద్యం కోసం, రెండోసారి సరదా కోసం.

రిజిస్టరు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి ఒంటికి వెళ్ళినప్పుడు మంట అని కుట్టేవాళ్ళకు చెప్పడం నేనింతవరకూ వినలేదు. నేను మా టైలరుకు చెయ్యి లావెక్కిందని చెప్పడానికే మొహమాటపడతాను. పైగా ఇంజను పక్కన రోజంతా కూర్చునే పెద్దమనిషి మీ రేవులో ఒక్కడే, ఆ లాంచీ నడిపే సరంగు. ఇంకో సంగతి. పోయిన నెల అత్తయ్య ఫోనులో, "ఆ పడవాయన రిజిస్టరు నాలుగు నెలల్నుంచి కుడుతూనే ఉంది, అంత లావు రిజిస్టరేమిటమ్మా?" అని నన్నడిగారు. స్పీకరులోనే. మీ అన్నయ్యకు అర్థం కాలేదు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వుకున్నాను.

నీ భర్త పోయి తొమ్మిదేళ్ళు. నీకిప్పుడు యాభై నాలుగు. నీ గదిలోకి ఒక మనిషి వచ్చి కూర్చుంటున్నాడంటే నాకు సంతోషమే తప్ప ఇంకోటి లేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.

ఇప్పుడు వైద్యం. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే అది వేడి కాదు, ఇంజను తప్పేం లేదు. గనోరియా అయ్యుండొచ్చు. పాతవాళ్ళు సెగరోగం అనేవాళ్ళు. పుస్తకాల్లో సుఖవ్యాధి అంటారు. ఆ పేరు పెట్టినవాడికి ఒక్కపూట వచ్చి ఉంటే ఆ మొదటి సగం కొట్టేసేవాడు. అది ఒకరి నుంచి ఒకరికి పడకలోనే వస్తుంది. రిజిస్టర్ల ద్వారా రాదు.

ఆ అయిదు మాత్రలూ మింగొద్దని చెప్పు. మీ ఊరి క్లినిక్‌కి తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించమను, ఏం మందో ఆవిడకు తెలియాలి. ఆయనతోపాటు నువ్వూ వెళ్ళు. నాకేం లేదుగా అంటావు, తెలుసు. ఆడవాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదు. అదే దీనితో వచ్చిన చిక్కు. 

సంబంధం లేకపోయినా వెళ్ళు.

వదిన


బైండింగు గది
బుధవారం

వదినా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో కాసేపు జిగురు గిన్నె ముందు కూర్చుండిపోయాను. జిగురు గడ్డకట్టింది. ఆ పాపం నీదే.

సరే, ఒప్పుకున్నాను. ఆయన లాంచీ రాకపోకల రిజిస్టరు చిరిగిపోతే తీసుకొచ్చాడు. నేను కుడుతుంటే పక్కనే నిలబడి చూసి, "ఆ ముడి జారుతుందండీ, మా తాళ్ళకు వేసేది చూపిస్తానుండండి," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని, నాకు ముడి నేర్పుతాడా అని ఒళ్ళు మండింది. చూస్తే ఆయన ముడే బాగుంది. కథ అక్కడ మొదలైంది. మిగతాది నువ్వే ఊహించుకుని నవ్వుకో.

ఇద్దరం క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడొక నర్సు ఉంది, తలంతా తెల్లజుట్టు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం కూడా ఆశ్చర్యపోలేదు. నేనే కొంచెం నొచ్చుకున్నాను, మా వయసుకైనా ఆశ్చర్యపోవద్దా? దూది చుట్టిన పుల్లలు తీసి, "గొంతులోనూ తీస్తాను, కిందా తీస్తాను," అంది. "గొంతులో ఎందుకండీ?" అన్నాను. "అది నేను చెప్పాలా, మీరు చెప్పాలా?" అంది. ఆయన గోడ మీదున్న కళ్ళ పరీక్ష అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.

అక్కడి యంత్రంలో పెట్టి చూసి అప్పటికప్పుడే చెప్పారు, ఇద్దరికీ ఉంది. ఆయనకు గొంతులో కూడా ఉంది. నాకు మంట లేదు, నొప్పి లేదు, ఏమీ లేదు. ఉందంటే నమ్మలేకపోయాను. ఇద్దరికీ తుంటి మీద చెరో ఇంజెక్షను చేశారు. వారం రోజులు దూరంగా ఉండమన్నారు. రెండు వారాలయ్యాక మళ్ళీ వచ్చి, పోయిందో లేదో చూపించుకోమన్నారు.

అసలు సంగతి ఇది. నాకంటే ముందు ఎవరైనా ఉన్నారా అని నర్సు ఆయన్నడిగింది. ఉన్నారట. అవతలి ఒడ్డున ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ. ఏడాది స్నేహం. నేను పరిచయమయ్యే ముందే మాటామాటా వచ్చి విడిపోయారట. మొదటిసారి మంట వచ్చింది ఆ రోజుల్లోనే. ఈయన షాపు మాత్రలు వేసుకుని ఊరుకున్నాడు, ఆవిడకు చెప్పలేదు. నర్సు ఒక చీటీ ఇచ్చింది. దాని మీద ఎవరి పేరూ ఉండదు, మీకు ఫలానా జబ్బు సోకి ఉండొచ్చు, వచ్చి చూపించుకోండి అని ఉంటుంది. అది ఈయన చొక్కా జేబులో నాలుగు రోజుల్నుంచి ఉంది. "ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?" అంటాడు. నేను, "ఉన్న మొహమే పెట్టుకుని ఇవ్వండి," అన్నాను. 

వారం పాటు ఇటు రావద్దన్నాను. నర్సు చెప్పింది గనక అలా అన్నానని నాకు నేను సర్ది చెప్పుకుంటున్నాను. నిజానికి కోపంగా ఉంది. నన్ను మోసం చేశాడని కాదు. ఆ మాత్రలు వేసుకున్న రోజున నోరు విప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని.

నీ మరదలు


ల్యాబు
సోమవారం

మరదలు పిల్లకు,

ఏ మందుకు లొంగుతుందో చూడమని మీ క్లినిక్ నుంచి మాకు శాంపిళ్ళ పెట్టె వచ్చింది. పేర్లుండవు, అంకెలే ఉంటాయి. అయినా తేదీ చూసి, ఆ ట్రే మా జూనియరుకిచ్చి నేను పక్క బల్లకు మారిపోయాను. కాబట్టి నీ సంగతీ, ముడుల నిపుణుడి సంగతీ మీ డాక్టరే చెప్పాలి. నేను ఈ మధ్య అందరి ప్లేట్లలోనూ చూస్తున్నది మాత్రం చెబుతాను.

ఈ క్రిమికి తిండి గొడవ ఎక్కువ. మామూలుగా పెడితే తినదు. రక్తాన్ని వేడిచేసి, చాక్లెట్ రంగు వచ్చాక, దాంతో చేసిన ప్లేటు మీద పెంచాలి. మీ అన్నయ్య కూడా నాచేత ఇంత చాకిరీ చేయించుకోలేదు. అది పెరిగే ప్లేటు మీద చిన్న చిన్న మందు బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచెయ్యకపోతే క్రిములు బిళ్ళ అంచుదాకా వచ్చి కూర్చుంటాయి. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందు ఉండేది. ఒక్కటంటే ఒక్క మాత్ర. దాని బిళ్ళ చుట్టూ ఎంత ఖాళీ వచ్చేదంటే, చూస్తే కడుపు నిండేది. ఇప్పుడా బిళ్ళ పెట్టడం వట్టి దండగ. దాని తర్వాత వచ్చినదీ అంతే అవుతోంది. ఇప్పుడు మీకు చేసిన ఇంజెక్షను ఒక్కటే గట్టిగా నిలబడింది. దాని వలయం కూడా అక్కడక్కడా కాస్త చిన్నదవుతోంది. కునికిపాట్లు మొదలుపెట్టిన చివరి కాపలావాడనుకో.

ఇలా ఎందుకైందంటే మీ సరంగుగారి లాంటి పొదుపరుల వల్ల. సగం మాత్రలు వేసుకుంటే బలహీనమైనవి చస్తాయి. మొండివి మిగిలి, ఆ మందు రుచి తెలుసుకుని, పిల్లల్ని కంటాయి. అసలది సరైన మందో కాదో కూడా షాపువాడికి తెలియదు. గొంతులో చేరిందైతే నొప్పి లేకుండా, దగ్గు లేకుండా నెలల తరబడి అద్దె ఇవ్వని వాడిలా ఉంటుంది. అక్కడ చంపడం కష్టం కూడా. అందుకని రెండో పరీక్ష తప్పించుకోవద్దని చెప్పు.

ఇకముందు కండోమ్ వాడండి. ఈ వయసులో పిల్లలు పుడతారా అని షాపువాడు నవ్వుతాడని నీకు సిగ్గు. వాడి నవ్వు అంటుకోదు. జబ్బు అంటుకుంటుంది.

ఆ చీటీ సంగతి మాత్రం నవ్వులాటగా తీసుకోకు. నాలుగు రోజులు జేబులో ఉందా? నువ్వు రాసి, అది నాకు చేరి, చదివి, ఇప్పటికి తొమ్మిది రోజులు. ఆవిడకు తెలియకుండా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఆయనకు మొహం చెల్లకపోతే క్లినిక్ వాళ్ళనే కబురు చెయ్యమని అడగొచ్చు, వాళ్ళు ఆయన పేరు చెప్పరు. ఎవరో ఒకరు చెప్పాలి. ఈ వారంలోనే.

వదిన


బైండింగు గది
శుక్రవారం

వదినా,

నేనే వెళ్ళాను.

ఆయన్ని రేవులో పట్టుకుని చీటీ ఇమ్మన్నాను. "మీరెళ్తారా?" అన్నాడు. "మీరు పడవ నడపండి, చాలు," అన్నాను. అవతలి ఒడ్డు చేరేదాకా నావైపు తిరగలేదు. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. మంచి వీపే, ఏం లాభం.

ఇస్త్రీ దుకాణం రేవు వీధిలో మూడో మలుపులో ఉంది. నలభై ఏళ్ళుంటాయి ఆవిడకు. భర్త ఎప్పుడో వదిలేసి పోయాడట. పొడుగు బల్ల మీద దుప్పటి పరిచి ఆసుపత్రి కోట్లు ఇస్త్రీ చేస్తోంది. ఒక చెయ్యి ఇస్త్రీపెట్టె మీద, రెండోది పొత్తికడుపు మీద. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. తీరా అక్కడికి వెళ్ళాక ఒక్క మాటా గుర్తులేదు.

"బట్టలేవీ?" అంది.

"బట్టలు లేవమ్మా. ఒక చీటీ ఇవ్వడానికొచ్చాను."

చదివింది. మళ్ళీ చదివింది. "ఎవరు పంపారు?"

"ఎవరు పంపారో చెప్పక్కర్లేదన్నారు. కానీ అదే చీటీ నాకూ వచ్చింది. నేనూ సూది వేయించుకున్నాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పడవాయనేనా?" అంది. నేను బల్ల అంచున జారిపోతున్న కోటు పైకి లాగాను. "పిరికిమనిషి," అంది. తిట్టినట్టు కూడా లేదు, పరిచయం చేసినట్టుంది. తర్వాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్టూలు మీద కూర్చుంది. "నాలుగు నెలల్నుంచి నొప్పండీ. గ్యాసన్నారు ఒకరు. ఎక్కువసేపు నిలబడొద్దన్నారు ఇంకొకరు. నిలబడకుండా ఇస్త్రీ ఎలా చేస్తారండీ? ఈ వారం జ్వరం కూడా."

ఆవిడ నుదురు ముట్టుకున్నాను. ఇస్త్రీపెట్టె కంటే వేడిగా ఉంది. దుకాణం మూయించి నేనే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. తెల్లజుట్టు నర్సు ఆవిణ్ణి చూసిన వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. గర్భసంచి పక్కన చీము పట్టిందట. ఇంకో వారం ఆగితే ప్రాణం మీదికొచ్చేదట. రోజూ నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. నిన్న చూసొచ్చాను. "నా బల్ల మీద కోట్లు అలాగే ఉన్నాయండీ," అని దిగులు. వెళ్ళి నేనే ఇస్త్రీ చేశాను. ఒక కోటు కాలర్ మాడ్చాను. అది చెప్పలేదు.

వదినా, నీ పోయిన ఉత్తరం చివర్లో నీ గొంతు మారింది. నన్నెప్పుడూ అలా కోప్పడలేదు నువ్వు. నా వల్ల ఏదైనా తప్పుంటే చెప్పు. ఒక్కటే బతిమాలుకుంటున్నాను, అన్నయ్యకు మాత్రం ఇవేవీ తెలియనివ్వకు. మచ్చలేని మనిషి. తెలిస్తే ఇక నా మొహం చూడడు.

నీ మరదలు


ఇల్లు
ఆదివారం. మీ అన్నయ్య గడియారం బాగుచేయించడానికి వెళ్ళాడు.

అమ్మాయీ,

ఆవిణ్ణి తీసుకెళ్ళినందుకు నీకు చాలా పుణ్యం. కాలర్ సంగతి ఎప్పటికీ చెప్పకు.

మచ్చలేని మనిషి అని రాశావు చూడు, అది చదివి కాగితం రెండుసార్లు మడిచి దాచి, రెండుసార్లు మళ్ళీ తీశాను. నీతో ఇన్నేళ్ళుగా అన్నీ హాస్యాలే ఆడాను గానీ ఈ ఒక్కటీ చెప్పలేదు. ఇది ఆయన రహస్యం అనుకునేదాన్ని. ఇప్పుడాలోచిస్తే నా ఒంటి సంగతి కూడా. కాబట్టి చెబుతాను.

మా పెళ్ళైన రెండో ఏడు. మీ అన్నయ్య అప్పట్లో యంత్రాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేవాడు గుర్తుందా? ఒక ఊళ్ళో దీన్ని తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులుండి మళ్ళీ క్యాంపుకు వెళ్ళాడు. అక్కడ మంట మొదలైంది. డాక్టరు దగ్గరికెళ్తే ఒక్క మాత్ర ఇచ్చి ఎదురుగా మింగించాడట. ముందు రాశానే, అదే మాత్ర. "మీ భార్యను కూడా తీసుకురండి," అన్నాడట ఆ డాక్టరు. ఆయన తల ఊపి వచ్చేశాడు. నాకు చెప్పలేదు. సిగ్గు.

నాకూ నీలాగే ఏ మంటా లేదు. పద్నాలుగు నెలల తర్వాత బస్సులో స్పృహ తప్పి పడిపోయాను. జ్వరం, పొత్తికడుపులో నొప్పి. అప్పుడు బయటపడింది. అప్పటికే లోపల గొట్టాలు రెండూ మూసుకుపోయాయి. నాకూ పిల్లలకూ మధ్య అడ్డమొచ్చింది ఒక మాత్ర, ఒక మాట. మాత్ర దొరికేదే. ఆయన నోట్లోంచి ఆ మాటే రాలేదు.

తర్వాత అత్తయ్య అన్నవి నీకు తెలుసు. ఫలానా వాళ్ళ కోడలు నెల తప్పింది, మా ఇంట్లో అచ్చట్లు లేవు, ముచ్చట్లు లేవు. ఆవిడ అంటుంటే మీ అన్నయ్య పక్క గదిలో పేపరు చదువుకునేవాడు. ఒకే పేజీ, గంటసేపు. నేను ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. అప్పుడే ల్యాబు చదువుకు చేరాను. నన్నిలా చేసిందెవరో కళ్ళారా చూడాలని.

క్షమించావా అంటే రోజును బట్టి చెబుతాను. ఆయన మంచివాడే. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా నా చేత ఎన్ని మాటలు పడినా తిరిగి అనలేదు. కానీ ఆ ఇస్త్రీ ఆవిడ చీటీ జేబులో ఉందని నువ్వు రాస్తే, నాకు మీ సరంగు జేబు కనబడలేదు.

అందుకే కోప్పడ్డాను. నీ తప్పేం లేదు.

వదిన


కార్డు
మంగళవారం

వదినా,

రెండు రోజులుగా సూది పట్టుకోలేదు. నీ పెళ్ళైన నాలుగో ఏడు నేను సెలవులకొచ్చి, "నాకు మేనకోడల్ని ఎప్పుడిస్తావు, నా గాజులన్నీ దానికే దాస్తున్నా," అని నిన్ను ఆటపట్టించాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వే గుర్తొస్తోంది. ఇంతకంటే రాయలేను. ఇకమీదట నీతో పరాచికాలాడను.

నీ ఆడపడుచు


ల్యాబు మెట్ల మీద
శనివారం

పిచ్చిమొహమా,

పరాచికాలు మానేస్తే మీ ఇంట్లో నాకు దక్కిందేముంటుంది? ఆ రోజు నేను నవ్వింది ఊరికే కాదు. అందరూ నన్ను జాలిగా చూస్తుంటే నువ్వొక్కదానివే మామూలు మనిషిలా చూశావు. గాజులు నాకే ఇయ్యి, వేసుకుంటాను.

నీకు రాసిన సంగతి మీ అన్నయ్యకు చెప్పాను. దాచడం ఇక నా వల్ల కాదన్నాను. చాలాసేపు గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నాడు. తర్వాత, "మరి నా చెల్లెలు ఏమంది?" అన్నాడు. "కార్డు రాసింది," అన్నాను. చదివాడు. ఇవాళ పొద్దున్నే సంచి సర్దుకుని బయల్దేరాడు. మీ దగ్గరికే. ఏం చెబుతాడో నాకు తెలియదు. తిడితే తిట్టు, గానీ కాఫీ ఇచ్చాక తిట్టు.

వదిన


బైండింగు గది
బుధవారం

వదినా,

అన్నయ్య వచ్చాడు. కాఫీ ఇచ్చాను. మొహం చూశాక తిట్లు రెండో కప్పుకు వాయిదా వేశాను. నా బల్ల ముందు కూర్చుని కత్తిరించిన కాగితం ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, "నీకు జబ్బు చేసిందట," అన్నాడు. "తగ్గింది," అన్నాను. "ఆ మనిషి మంచివాడేనా?" అన్నాడు. "పిరికివాడు. నేర్చుకుంటున్నాడు," అన్నాను. "నాకంటే త్వరగా నేర్చుకోమను," అని లేచి మేడ మీదికి వెళ్ళాడు.

నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. అమ్మకోసం గట్టిగా మాట్లాడాలి, తనకు వినబడాలంటే ఇంకా గట్టిగా మాట్లాడాలి. కాబట్టి నాకు ప్రతి అక్షరమూ వినబడింది.

"అమ్మా, పిల్లలు లేకపోవడం తన లోపం కాదు. నాది. నేను జబ్బు తెచ్చి ఇచ్చాను. మందు వేసుకుని తనకు చెప్పలేదు. నువ్వు తనను అంటుంటే విని ఊరుకున్నాను."

 అన్నయ్య కిందికొచ్చి బస్సుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఆ రోజంతా కిటికీ దగ్గరికి రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజు పొద్దున, "ఆ ల్యాబుకు మెట్లెన్ని ఉంటాయే?" అని అడిగింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. అన్నయ్యను కారు తీసుకురమ్మని తనే ఫోను చేసింది. రెండేళ్ళుగా మేడ దిగని మనిషి. ఎనభై రెండేళ్ళు. ఆపితే వింటుందా? నీకు ముందుగా చెబుతున్నాను, భయపడకు. లేదా భయపడు, నాకూ భయంగానే ఉంది.

ఇక మా కబుర్లు. రెండో పరీక్షలో నాకేం లేదు. ఆయనకు కింద పోయింది గానీ గొంతులో ఇంకా ఉంది. నువ్వన్నట్టే అద్దె ఇవ్వని వాడు. డాక్టరు మీ ల్యాబు కాగితం చూసి, ఈసారి మోతాదు పెంచి మళ్ళీ ఇంజెక్షను ఇచ్చింది. ఇది కూడా పనిచెయ్యకపోతే ఏమిటని అడిగాను. "వేరేవి ఉన్నాయి, ఎక్కువ లేవు," అంది. ఆ రెండు వారాలూ ఆయన రోజూ వచ్చి గుమ్మం బయటే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నిన్న మూడో పరీక్ష ఫలితం వచ్చింది. ఎక్కడా లేదు. కాగితం నా చేతిలో పెట్టి, తనే వెళ్ళి ఇస్త్రీ ఆవిణ్ణి కలిసొచ్చానన్నాడు. ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. "ఏమందండీ?" అని అడిగాను. "చాలా అంది," అన్నాడు. "మీరేమన్నారు?" "నిలబడి విన్నాను." 

అప్పుడు స్టూలు లోపల వేసుకోమన్నాను. పెళ్ళీ గిళ్ళీ అడక్కు. స్టూలు లోపలికొచ్చింది, అంతే. నువ్వు వాడమన్నవి తేవడానికి షాపుకు కూడా తనే వెళ్ళొచ్చాడు. షాపువాడు నవ్వాడట. ఈయనా నవ్వాడట.

నీ మరదలు


ల్యాబు
సోమవారం సాయంత్రం

మరదలికి,

నీ ఉత్తరం, అత్తయ్య, ఇద్దరూ ఒకే రోజు వచ్చారు. ఉత్తరమే ఆలస్యం.

ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీ కనబడింది, వెనక మీ అన్నయ్య. లోపలికి బయటివాళ్ళను రానివ్వరు. ఈ బయటి గదిలోనే కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను, తాగలేదు.

"ఏదీ, చూపించు," అన్నారు.

"ఏం చూపించనత్తయ్యా?"

"వీడు నీకు తెచ్చి ఇచ్చిందట కదా. అది."

విద్యార్థులకు చూపించే పాత స్లైడొకటి ఉంటుంది. రంగు వేసి ఆరబెట్టింది, ప్రమాదం లేదు. మైక్రోస్కోపు బయటికి తెప్పించి దాని కింద పెట్టాను. కళ్ళజోడు తీసి వంగారు. ఏమీ కనబడటంలేదన్నారు. ఆవిడ వేళ్ళు పట్టుకుని, బొమ్మ స్పష్టంగా కనబడేదాకా దాని మర తిప్పించాను.

"కాఫీ గింజల్లా ఉన్నాయి. రెండేసి రెండేసి."

"అవే."

"ఉత్త కంటికి ఎంతుంటాయి?"

"అసలు కనబడవత్తయ్యా. సూది మొన మీద వేలకొద్దీ పడతాయి."

చాలాసేపు కన్ను తియ్యలేదు. మెడ పట్టేస్తుందని చెప్పాను, వినలేదు. చివరికి తలెత్తి కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, నన్ను చూశారు. నా పెళ్ళిచూపుల రోజు తర్వాత ఆవిడ నన్నంతసేపు చూడటం ఇదే.

"ఇంత దానికి నిన్ను ముప్పై ఏళ్ళు అన్నాను," అన్నారు. "ఒక్కసారైనా నా నోరు మూయించకపోయావా?"

"మూయించాలంటే మీ అబ్బాయి సంగతి చెప్పాల్సొచ్చేది."

"చెప్పాల్సింది," అన్నారు. కోపంగానే అన్నారు. అది ఎవరి మీద కోపమో ఆవిడకూ తెలియలేదనుకుంటాను.

తర్వాత మీ అన్నయ్య వైపు తిరిగి, "నువ్వు బయట కూర్చోరా. నేను నా కోడలితో కాఫీ తాగాలి," అన్నారు. ఆయన వెళ్ళి వరండా బెంచీ మీద కూర్చున్నాడు. నేను క్యాంటీను నుంచి రెండు కప్పులు తెప్పించాను. చక్కెర తక్కువైందన్నారు. ఆ క్రిమి పేరు మళ్ళీ చెప్పమన్నారు, రెండుసార్లు పలికి చూశారు, మూడోసారి సరిగ్గా వచ్చింది.  నా కుడిచెయ్యి పట్టుకుని, వెళ్ళేదాకా వదల్లేదు.

ఎడమచేత్తో కాఫీ తాగడం చాలా కష్టం. కోటు మీద ఒలికింది కూడా. అయినా విడిపించుకోలేదు.

వదిన